బురదలోంచే నడవండి

ఇంగ్లండ్‌లో మాంచెస్టర్ పికడిల్లీ స్టేషన్లో రైలెక్కితే ముప్పావుగంటలో ఈడేల్ అనే పల్లె. అక్కణ్నుంచి కొండెక్కితే కిండర్ స్కౌట్, 636 మీటర్ల ఎత్తు. ఆగస్టులో హెదర్ అనే పొట్టి పొదలు ఊదారంగులో విరగబూసే మూర్‌లాండ్, అంటే చెట్లు పెద్దగా లేని కొండమీది బయలు ఇది. చూపుకి బీడులాగే ఉంటుంది గానీ కాలికింద ఉన్నది మామూలు మట్టి కాదు, పీట్. నీళ్లు నిలిచి, గాలాడక, సగమే కుళ్లిన నాచూ మొక్కలూ పేరుకున్న నల్లటి ముద్ద. బరువులో దాదాపు 90 శాతం నీరే. ఏడాదికి మిల్లీమీటరు చొప్పున పెరుగుతుంది, అంటే మీటరు మందానికి వెయ్యేళ్లు.

బాటలో చిన్న నీటిగుంట కనబడితే, బూటు తడవకూడదని పక్క గడ్డిమీద అడుగేస్తాం. వెనకాలొచ్చేవాళ్లూ అంతే. కొన్నాళ్లకి ఆ గడ్డీ చచ్చి బురదవుతుంది, తర్వాతివాళ్లు ఇంకాస్త పక్కకి జరుగుతారు. అలా ఒక మనిషి పట్టే బాట బండిదారంత వెడల్పవుతుంది. గడ్డి పోయిన పీట్‌ని చలికాలంలో మంచు సూదుల్లా గడ్డకట్టి పైకి లేపుతుంది, వాన కడిగేస్తుంది. ఎండాకాలంలో బాగా ఎండితే మళ్లీ సరిగా నీరు పీల్చదు, పొడై గాలికి లేస్తుంది. కొట్టుకుపోయిందంతా కింది జలాశయాల్లో చేరుతుంది.

నేరమంతా నడిచేవాళ్లదే అనడం అన్యాయం. ఎండు బరువుకి 20 రెట్ల దాకా నీటిని పట్టగల స్ఫాగ్నమ్ నాచుని, చుట్టుపక్కల పట్టణాల మిల్లుల గంధకపు పొగ ఎప్పుడో చంపేసింది. తమాషా ఏమిటంటే, 1965లో మొదలైన పెన్నైన్ వే అనే దూరప్రయాణపు కాలిబాట చితికిపోయాక, కూల్చేసిన మిల్లుల గచ్చు బండలనే హెలికాప్టర్లలో తెచ్చి పరిచారు. నాపరాళ్లలాంటి ఆ బండల మీద నుంచి దిగకండి.

బండలు లేనిచోట ఒకరి వెనక ఒకరు, బురద మధ్యలోంచే. చీలమండ దాటే వాటర్‌ప్రూఫ్ బూట్లు, మోకాలిదాకా గెయిటర్లు (బూటుమీద నుంచి కాలికి తొడిగే తొడుగులు) ఉంటే దానికి మనసొప్పుతుంది. పల్చటి స్నీకర్లతో వచ్చినవాళ్లే పక్కకి తప్పుకుంటారు. చేతికర్ర మొనకి రబ్బరు తొడుగు వేసుకోండి. జనపనార వల పరిచిన చోట తొక్కొద్దు: బోడి పీట్‌లో ఆమ్లం ఎక్కువ గనక, ముందు సున్నమూ ఎరువూ చల్లి, గడ్డి మొలిపించి, ఆపైన నాచు నాటే పని అక్కడ నడుస్తుంటుంది.

గోల్డెన్ ప్లోవర్, కర్ల్యూ లాంటి పిట్టలు నేలమీదే గుడ్లు పెడతాయి. అందుకే ఇంగ్లండ్‌లో ఓపెన్ యాక్సెస్ నేలల్లో (బాట వదిలి కూడా ఎవరైనా నడవగలిగే చోట్లలో) మార్చి 1 నుంచి జులై 31 దాకా కుక్కని 2 మీటర్లు మించని తాడుతో పట్టుకోవడం చట్టం. గొర్రెల దగ్గర ఏడాదంతా అంతే.

ఒకసారి వాడి పారేసే రేకు ట్రే బార్బెక్యూలు (బొగ్గుల కుంపట్లు) మాత్రం ఇంట్లోనే వదిలేయండి. ట్రే చల్లారినట్టు కనిపించినా కింది పీట్ అంటుకుంటే మంట పైకి కనబడకుండా లోలోపలే రోజుల తరబడి పాకుతుంది. 2018 జూన్‌లో మాంచెస్టర్ దగ్గరి సాడిల్‌వర్త్ మూర్ తగలబడితే సైన్యాన్ని దించాల్సొచ్చింది. ఫ్లాస్కులో టీ, డబ్బాలో పులిహోర చాలు. ఎక్కడైనా పొగ కనబడితే దగ్గరికెళ్లకుండా అత్యవసర నంబరు 999కి ఫోన్ చేసి, ఫైర్ సర్వీస్ అడిగి, గ్రిడ్ రిఫరెన్స్ (మ్యాపులో ఆ చోటుని చూపే అక్షరాలూ అంకెలూ) చెప్పండి. లోయల్లో సిగ్నల్ దొరక్కపోవచ్చు గనక మ్యాపు ముందే ఫోన్‌లోకి దించుకోండి.