మన కాలేజీ యూనివర్సిటీ మారితే సర్టిఫికెట్ చెల్లదా? కొన్ని అపోహలు – వాస్తవాలు

యూనివర్సిటీ ఆఫీసులో అఫిలియేషన్ల సెక్షన్ (కాలేజీలకు యూనివర్సిటీ గుర్తింపు ఇచ్చే విభాగం), పరీక్షల సెక్షన్ అని రెండు ఉంటాయి. నా ఉద్యోగంలో ఎక్కువ కాలం ఆ రెండింటిలోనే గడిచింది. కాలేజీలను ఒక యూనివర్సిటీ నుంచి ఇంకో యూనివర్సిటీకి మార్చినా, క్యాంపస్‌లో విభాగాలను కలిపినా, విడదీసినా ఫైళ్ళన్నీ చివరికి అక్కడికే వస్తాయి. నెల్లూరు, ప్రకాశం జిల్లాల వాళ్ళకు ఈ మార్పులు కొత్తేమీ కాదు. నెల్లూరు డిగ్రీ కాలేజీలు చాలా ఏళ్ళు తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర యూనివర్సిటీ కింద ఉండేవి. 2008లో విక్రమ సింహపురి యూనివర్సిటీ పెట్టాక దాని కిందికి వచ్చాయి. ప్రకాశం కాలేజీలు ఆచార్య నాగార్జున యూనివర్సిటీ కింద ఉండేవి. 2022లో ఆ యూనివర్సిటీ ఒంగోలు క్యాంపస్సే ఆంధ్రకేసరి యూనివర్సిటీ అయింది. ఇంజనీరింగ్ వాళ్ళ దారి వేరు. 2008లో జేఎన్‌టీయూను విడగొట్టినప్పుడు నెల్లూరు కాలేజీలు అనంతపురం వైపు, ప్రకాశం కాలేజీలు కాకినాడ వైపు వెళ్ళాయి.

మార్పు జరిగిన ప్రతిసారీ అవే భయాలు, అవే పుకార్లు. కౌంటర్ దగ్గర ఎక్కువగా విన్నవాటిని ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: కాలేజీ కొత్త యూనివర్సిటీకి పోయింది కాబట్టి పాత సర్టిఫికెట్ చెల్లదు, కొత్త పేరుతో మార్పించుకోవాలి.

అన్నింటికన్నా ఎక్కువ టెన్షన్ పెట్టేది ఇదే. "సార్, మా వాడు చదివింది నాగార్జున అని ఉంది, కాలేజీ బోర్డు మీద ఇప్పుడు ఆంధ్రకేసరి అని ఉంది, ఉద్యోగంలో ఒప్పుకుంటారా?" అని కనిగిరి వైపు నుంచి వచ్చిన తండ్రులు అడగడం మామూలే. ఒప్పుకుంటారు. డిగ్రీ ఇచ్చేది యూనివర్సిటీ, కాలేజీ కాదు. ఏ యూనివర్సిటీ పరీక్ష పెట్టి పాస్ చేసిందో ఆ యూనివర్సిటీ పేరుతోనే డిగ్రీ జీవితాంతం ఉంటుంది. కాలేజీ ఆ తర్వాత ఎన్నిసార్లు చేతులు మారినా అందులో అక్షరం కూడా మార్చాల్సిన పని లేదు. మార్చమని అడిగినా ఎవరూ మార్చరు.

అసలు తిప్పలు పడేది ఇంకోచోట. 2015లో ఒంగోలులో డిగ్రీ చదివిన అమ్మాయికి ఇప్పుడు ట్రాన్స్‌క్రిప్ట్ కావాలి. ఊళ్ళోనే యూనివర్సిటీ ఉంది కదా అని నేరుగా అక్కడికి వెళ్తుంది. అక్కడ ఆమె రికార్డు ఉండదు. ఆచార్య నాగార్జున యూనివర్సిటీ ఉన్న నాగార్జున నగర్‌కే వెళ్ళాలి, లేదా వాళ్ళకే దరఖాస్తు పెట్టుకోవాలి. 2006లో నెల్లూరులో డిగ్రీ చేసినవాళ్ళు విక్రమ సింహపురి వాళ్ళ కాకుటూరు క్యాంపస్‌కు కాకుండా తిరుపతికి వెళ్ళాల్సిందే. కంపెనీల వాళ్ళు సర్టిఫికెట్ నిజమైనదో కాదో తేల్చుకోవడానికి కాలేజీ ఇప్పుడున్న యూనివర్సిటీకి రాస్తుంటారు. 'ఈ రికార్డు మా వద్ద లేదు' అని అక్కడి నుంచి జవాబు వెళ్తుంది. అది చూసి అభ్యర్థిది దొంగ సర్టిఫికెట్ అనుకున్న కంపెనీలున్నాయి. ఉద్యోగంలో చేరేటప్పుడు ఇచ్చే ఫారంలో కాలేజీ పేరుతో పాటు సర్టిఫికెట్ మీదున్న యూనివర్సిటీ పేరు కూడా స్పష్టంగా రాయండి. సగం గొడవ అక్కడే తీరిపోతుంది.

రికార్డు ఎలా వెతుకుతామో కూడా చెప్పాలి. పాత పరీక్షల మార్కులు టీఆర్‌లలో, అంటే ట్యాబులేషన్ రిజిస్టర్లలో ఉంటాయి. ఒక్కొక్కటి రెండు చేతులతో ఎత్తాల్సినంత బరువు. అట్ట మీద పరీక్ష జరిగిన నెల, సంవత్సరం ఉంటాయి. లోపల కాలేజీ కోడ్ ప్రకారం, దాని కింద హాల్‌టికెట్ నంబరు ప్రకారం వరుస. పేరును బట్టి వెతకడం కుదరదు. 'మా నాన్న పేరు ఫలానా, మాది ఆత్మకూరు' అని ఎంత చెప్పినా మా గుమస్తా చేయగలిగిందేమీ లేదు. హాల్‌టికెట్ నంబరు, చివరి పరీక్ష రాసిన నెల, సంవత్సరం చెబితే పని అవుతుంది. సప్లిమెంటరీలో పాసైనవాళ్ళు అన్ని పరీక్షల నెలలూ రాసుకుని రావాలి, ఒక్కో సబ్జెక్టు ఒక్కో రిజిస్టర్‌లో ఉంటుంది మరి.

అపోహ: ఉత్తర్వు రాగానే విద్యార్థులందరూ ఒకేసారి కొత్త యూనివర్సిటీకి మారిపోతారు.

సాధారణంగా అలా జరగదు. ఏ విద్యా సంవత్సరంలో చేరే బ్యాచ్ నుంచి కొత్త యూనివర్సిటీ వర్తిస్తుందో ఉత్తర్వులోనే రాస్తారు. ముందే చేరినవాళ్ళు పాత సిలబస్‌తో, పాత యూనివర్సిటీ పరీక్షలతోనే బయటికి వస్తారు. బ్యాక్‌లాగ్స్ ఉంటే వాటినీ అక్కడే రాయాలి.

ఆ రెండు మూడేళ్ళు కాలేజీ ఆఫీసులో ఎలా ఉంటుందో బయటివాళ్ళకు తెలియదు. ఫస్టియర్ ఒక యూనివర్సిటీది, ఫైనలియర్ ఇంకోదానిది. నామినల్ రోల్స్ (పరీక్ష రాసే విద్యార్థుల జాబితాలు) రెండు రకాలు, పరీక్ష ఫీజు కట్టే ఖాతాలు రెండు, లాగిన్‌లు రెండు, ఫీజు గడువు తేదీలు రెండు. ఒకే హాల్లో ఉదయం ఒక యూనివర్సిటీ పేపరు, మధ్యాహ్నం ఇంకో యూనివర్సిటీ పేపరు. జవాబు పత్రాల కట్టలు ఒకదాని బదులు ఒకటి వెళ్ళాయంటే ఆ గుమస్తాకు రెండు వారాలు నిద్ర ఉండదు. యూనివర్సిటీలో కూర్చున్న మాకు ఇది ఒక సర్క్యులర్, కాలేజీలో ఉండే ఇద్దరు ముగ్గురు గుమస్తాలకు ప్రతిరోజూ సర్కస్. పునర్వ్యవస్థీకరణ గురించి పెద్ద పెద్ద కమిటీలు వేస్తారు. ఈ గుమస్తాల్లో ఒకరిని పిలిచి కూర్చోబెట్టిన కమిటీ మాత్రం నాకు తారసపడలేదు.

అపోహ: జిల్లా మారితే యూనివర్సిటీ కూడా దానంతట అదే మారుతుంది.

2022 ఏప్రిల్‌లో కందుకూరును ప్రకాశం నుంచి నెల్లూరు జిల్లాలో కలిపినప్పుడు, గూడూరు, సూళ్లూరుపేటలను నెల్లూరు నుంచి తిరుపతి జిల్లాలోకి మార్చినప్పుడు ఈ ప్రశ్న వెల్లువలా వచ్చింది. జిల్లాల హద్దులు 1974 నాటి జిల్లాల ఏర్పాటు చట్టం కింద మారతాయి. యూనివర్సిటీ పరిధిని చెప్పేది 1991 నాటి ఆంధ్రప్రదేశ్ యూనివర్సిటీల చట్టం, దానికి జతచేసిన షెడ్యూల్. ఒకదాన్ని మార్చినంత మాత్రాన రెండోది కదలదు. యూనివర్సిటీ పరిధి మారాలంటే దానికి వేరే ఉత్తర్వు కావాలి. కొత్త యూనివర్సిటీయే పెట్టాలంటే చట్టానికి సవరణ కావాలి. వైస్ ఛాన్సలర్ సంతకంతో అయ్యే పని కాదు.

జిల్లా గీతలను బట్టి చదువుల గీతలు గీస్తే ఏమవుతుందో ప్రకాశాన్ని చూస్తే తెలుస్తుంది. 1970లో గుంటూరు, నెల్లూరు, కర్నూలు జిల్లాల నుంచి ముక్కలు తీసి ఈ జిల్లాను చేశారు. కందుకూరు అంతకుముందు నెల్లూరులోనే ఉండేది. గిద్దలూరు వాళ్ళకు ఈరోజుకీ ఒంగోలు కన్నా నంద్యాల దగ్గర. యూనివర్సిటీ 'దగ్గరికి వచ్చింది' అని మనం సంబరపడేటప్పుడు ఎవరికి దగ్గరైందో కూడా చూసుకోవాలి.

అపోహ: కొత్త యూనివర్సిటీ డిగ్రీకి విలువ లేదు. పన్నెండు బి రాలేదంట, న్యాక్ లేదంట.

మూడు వేర్వేరు విషయాలను కలిపేసి భయపెట్టే మాట ఇది. డిగ్రీ ఇచ్చే అధికారం గురించి 1956 నాటి యూజీసీ చట్టం 22వ సెక్షన్ చెబుతుంది. పార్లమెంటు చట్టంతో గానీ, రాష్ట్ర చట్టంతో గానీ ఏర్పడిన యూనివర్సిటీ డిగ్రీ ఇవ్వవచ్చు. రాష్ట్ర చట్టం ప్రకారం ఏర్పడ్డప్పుడే ఆ అధికారం వచ్చేసింది. అదే చట్టంలోని 12బి అనేది కేంద్రం నుంచి గ్రాంట్లు పొందే అర్హతకు సంబంధించినది. అది లేకపోతే యూనివర్సిటీకి డబ్బు ఇబ్బంది, మీ డిగ్రీకి కాదు. న్యాక్ గ్రేడు నాణ్యతను అంచనా వేసేది. అది ముఖ్యమే, కాలేజీ ఎంచుకునేటప్పుడు తప్పకుండా చూడండి. కానీ అది లేనంత మాత్రాన డిగ్రీ చిత్తు కాగితం అయిపోదు.

అపోహ: యూనివర్సిటీ మారింది కదా, ఇక లెక్చరర్లు వస్తారు, ఫీజులు తగ్గుతాయి.

ఆశ మంచిదే కానీ అడగాల్సిన చోటు వేరు. ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో లెక్చరర్ల నియామకాలు, బదిలీలు, జీతాలు కళాశాల విద్యా శాఖ చూస్తుంది. ప్రైవేటు కాలేజీల ఫీజులు ఖరారు చేయడానికి 2019లో పెట్టిన ఉన్నత విద్యా నియంత్రణ, పర్యవేక్షణ కమిషన్ ఉంది. డిగ్రీలో సీట్లు ఉన్నత విద్యామండలి ఆన్‌లైన్ అడ్మిషన్లతో నిండుతున్నాయి. బీఈడీ అయితే ఎన్‌సీటీఈ, ఇంజనీరింగ్ అయితే ఏఐసీటీఈ అనుమతులు. మెడికల్, నర్సింగ్ వాళ్ళకు విజయవాడలోని హెల్త్ యూనివర్సిటీ. మరి అఫిలియేటింగ్ యూనివర్సిటీ చేసేదేంటి? కాలేజీని తనిఖీ చేసి గుర్తింపు ఇవ్వడం, సిలబస్ రాయించడం, పరీక్షలు పెట్టడం, డిగ్రీ ఇవ్వడం. ఇవి చిన్న పనులు కావు. అయినా ఖాళీగా ఉన్న ఫిజిక్స్ లెక్చరర్ పోస్టు గురించి రిజిస్ట్రార్ చాంబర్ ముందు బైఠాయిస్తే ఫలితం ఉండదు.

అపోహ: క్యాంపస్‌లో విభాగాలను కలిపితే పోస్టులు పోతాయి, డీన్ అంటే ప్రిన్సిపల్‌కు పైఅధికారి.

విద్యార్థుల కన్నా మా అధ్యాపకుల్లోనే ఇది ఎక్కువ. రెండు చిన్న విభాగాలను ఒక స్కూల్ కిందికో, ఒక కాలేజీ కిందికో తెస్తే మారేది పరిపాలన: టైంటేబుల్, ల్యాబుల వాటా, ఆఫీసు సిబ్బంది. పోస్టు మంజూరైన ఉత్తర్వులో ఏ సబ్జెక్టు, ఏ క్యాడర్, రిజర్వేషన్ రోస్టర్‌లో ఏ పాయింట్ అని రాసి ఉందో అది అలాగే ఉంటుంది. దాన్ని రద్దు చేయాలన్నా, వేరే సబ్జెక్టుకు మార్చాలన్నా ప్రభుత్వ అనుమతి దాకా వెళ్ళాలి. నిజమైన గొడవ పోస్టు గురించి కాదు, హెడ్ కుర్చీ గురించి. రెండు విభాగాలుంటే హెడ్‌లు ఇద్దరు, కలిపితే ఒకరే. మీటింగుల్లో 'సబ్జెక్టు ఉనికి' అంటూ వినిపించే ఆవేశంలో సగం దీని చుట్టూనే తిరుగుతుందని నా అభిప్రాయం. అయితే మిగతా సగంలో న్యాయం ఉంది. చిన్న సబ్జెక్టును పెద్దదాని కింద పెట్టేస్తే సిలబస్ ఖరారు చేసే పాఠ్య మండలిలో (బోర్డ్ ఆఫ్ స్టడీస్) దాని గొంతు వినబడదు. కాబట్టి కలిపినా బోర్డ్ ఆఫ్ స్టడీస్ వేరుగా ఉంచమని అడగాలి. అది కచ్చితంగా సాధించుకోవాల్సిన విషయం.

డీన్ సంగతికొస్తే, చాలాచోట్ల అది ప్రొఫెసర్‌కు అదనంగా ఇచ్చే బాధ్యత. క్యాంపస్ కాలేజీలో హాజరు, క్రమశిక్షణ, బోనఫైడ్ లాంటివి ప్రిన్సిపల్ పని. సిలబస్ విషయం బోర్డ్ ఆఫ్ స్టడీస్ ఛైర్మన్‌ది. మార్కుల తేడా ఉంటే పరీక్షల కంట్రోలర్‌కు పెట్టుకోవాలి. వీటిలో దేనికీ డీన్ గది ముందు నిలబడాల్సిన అవసరం లేదు, తలుపు తెరిచి ఉన్నా సరే.

అపోహ: అటానమస్ వచ్చిన కాలేజీ ఇక యూనివర్సిటీ అయిపోయినట్టే.

కాదు. సిలబస్, పరీక్షలు, మూల్యాంకనం కాలేజీవి, డిగ్రీ యూనివర్సిటీది. సర్టిఫికెట్ మీద కాలేజీ పేరు కూడా ఉంటుంది, అంతే. కాలేజీ కమిటీల్లో యూనివర్సిటీ నామినీ కూర్చుంటారు. విద్యార్థి వైపు నుంచి గమనించాల్సింది ఒక్కటే: ఇక్కడ మార్కుల రికార్డు కాలేజీ పరీక్షల విభాగంలోనే పుడుతుంది కాబట్టి మెమోలన్నీ ఎప్పటికప్పుడు తీసి దాచుకోవాలి.

అపోహ: కొత్త విద్యా విధానం వచ్చింది, అఫిలియేషన్లు ఎత్తేశారు.

2020 జాతీయ విద్యా విధానం అఫిలియేషన్ పద్ధతిని 15 ఏళ్ళలో దశలవారీగా తీసేయాలని చెప్పింది. తీసేశామని చెప్పలేదు. ఉదయగిరి, పొదిలి లాంటి చోట్ల రెండు మూడు గ్రూపులతో నడిచే చిన్న కాలేజీలు ఆ గడువులో సొంతంగా డిగ్రీలిచ్చే స్థాయికి ఎలా వస్తాయో నాకైతే అర్థం కాదు. వాటిని పెద్ద కాలేజీలతో జట్టుగా కట్టడమో, యూనివర్సిటీలో భాగంగా తీసుకోవడమో జరగాలి. ఆ రెండూ డబ్బుతో కూడిన పనులే. కాబట్టి ప్రిన్సిపల్ సార్లూ, ఈ ఏడాది అఫిలియేషన్ రెన్యువల్ ఫైలు గడువులోపే పంపండి. ఫైర్ సర్టిఫికెట్, బిల్డింగ్ కాగితాలు జతచేయడం మరిచిపోవద్దు, ఎక్కువ ఫైళ్ళు వెనక్కి వచ్చేది వాటి దగ్గరే.