ఆర్‌సీ విమానం కిట్ తయారీ: అపోహలు - వాస్తవాలు

వరంగల్, హన్మకొండల్లో ఆర్‌సీ విమానాలు (రిమోట్‌తో నడిపే చిన్న విమానాలు) సొంతంగా కట్టి ఎగరేసేవాళ్లు ఉన్నారు. ఎగిరిన డిజైన్‌ను కిట్‌గా (కొన్నవాళ్లు జోడించుకునే ముక్కల డబ్బాగా) అమ్ముదామనుకునేవాళ్ల నోట ఎక్కువగా వినిపించే మాటలివి.

అపోహ: బాగా ఎగిరిన విమానం డ్రాయింగ్ ఉంటే కిట్ తయారైనట్టే.

మీ విమానంలో పొసగని చోట మీరే గీకి, అతికి సరిచేసుకుని ఉంటారు. కొన్నవాళ్లకు ఆ సంగతి తెలియదు కాబట్టి కోణాలన్నీ ముక్కల్లోనే ఉండాలి. మోటారు 2 డిగ్రీలు కుడికి, 2-3 డిగ్రీలు కిందికి వంగాలంటే ఫైర్‌వాల్ (మోటారు బిగించే ముందు పలక) కూర్చునే గాడినే అలా కోయాలి. "కోణమానినితో సరిచూసుకోండి" అని కాగితంలో రాస్తే ఎవరూ చూడరు. ముక్కల నంబర్లు లేజర్‌తోనే తక్కువ పవర్‌లో చెక్కండి. కుడి, ఎడమ ముక్కలు తారుమారైతే అసలు దిగకుండా గాడులను పక్కకు జరపండి.

అపోహ: లేజర్ కోతలో కొలత తప్పదు.

ఎక్కువ కిట్లు చెడేది ఇక్కడే. లేజర్ కిరణం తాను నడిచిన దారిలో 0.15-0.2 మి.మీ. చెక్కను కాల్చేస్తుంది. 3 మి.మీ. గాడి గీస్తే 3.2 దాకా వస్తుంది. మరోపక్క 3 మి.మీ. అని అమ్మే ప్లైవుడ్‌కు వెర్నియర్ కాలిపర్ పెట్టి కొలిస్తే ఒక షీటు 2.7, ఇంకోటి 3.1 చూపిస్తుంది. గాడి వదులైతే భారమంతా జిగురు మీదే పడుతుంది. బిగుతైతే బాల్సా (చాలా తేలికైన చెక్క) రిబ్బు (రెక్కకు ఆకారమిచ్చే అడ్డపలక) గాడి మూల దగ్గర చీలుతుంది.

కొత్త సరుకు వచ్చినప్పుడల్లా షీటును నాలుగు మూలలా కొలవండి. అదే షీటు నుంచి ఒక పట్టీ తీసుకుని 2.6 నుంచి 3.1 వరకు, 0.1 తేడాతో ఆరు గాడులు దువ్వెన పళ్లలా కోయండి. అదే షీటు ముక్క గాడిలో వేలితో నొక్కితే దిగాలి, తలకిందులు చేస్తే జారిపడకూడదు. ఏ గాడి అలా పట్టుకుంటే ఆ అంకెనే డ్రాయింగ్‌లో పెట్టండి. అక్రిలిక్ బోర్డులు కోసే షాపులో చేయిస్తుంటే ఈ పరీక్ష అదే మెషీన్ మీద, కోత రోజునే జరగాలి. లెన్సుకు మసి పట్టినా, ఫోకస్ జరిగినా గాడి వెడల్పు మారుతుంది. మాడి నల్లబడ్డ అంచుకు జిగురు సరిగా పట్టదు, అతికే ముందు సాండ్‌పేపర్‌తో ఒక్కసారి రుద్దమని మాన్యువల్‌లో రాయండి.

అపోహ: బాల్సా ఏదైనా తేలికే.

1000×100×3 మి.మీ. షీటు ఒకటి 30 గ్రాములు తూగితే, చూడటానికి అలాగే ఉన్న ఇంకోటి 60 తూగొచ్చు. ప్రతి షీటునూ తూచి, బరువు పెన్సిల్‌తో దాని మీదే రాయండి. తేలికవి తోకకు, రిబ్బులకు. బరువైనవి స్పార్లకు (రెక్క పొడవునా సాగే కమ్మీలకు). తోక విషయంలో పిసినారితనమే మంచిది: సీజీ (విమానం బరువు సమంగా తూగే బిందువు) నుంచి తోక, ముక్కు కంటే మూడింతల దూరంలో ఉంటే, తోకలో పెరిగిన 10 గ్రాములకు ముక్కులో 30 గ్రాముల సీసం పెట్టాల్సి వస్తుంది. రెక్క వెడల్పు (ముందంచు నుంచి వెనకంచు దాకా) 200 మి.మీ. అయితే సీజీ ముందంచు నుంచి 50-60 మి.మీ. మధ్య ఉండాలి. మొదటిసారి ఎగరేసేటప్పుడు 50 దగ్గరే ఉంచమని చెప్పండి.

స్పార్ల మధ్య పెట్టే వెబ్ ముక్కల్లో చెక్క నార నిలువుగా ఉండాలి. షీటు ఆదా అవుతుందని అడ్డంగా కోస్తే లూప్ (గాల్లో నిలువు గుండ్రం) కొట్టేటప్పుడు రెక్క మడుచుకుంటుంది.

అపోహ: మన దగ్గర ఎండే సమస్య.

చెక్కకు వానాకాలమే ఎక్కువ ప్రమాదం. సన్న షీట్లు తేమ పీల్చి వంకరపోతాయి. వాటిని గోడకు ఆనించి నిలబెట్టకుండా చదునుగా పరిచి పైన బరువు పెట్టండి. డబ్బాలో ముక్కలను ప్లాస్టిక్ కవర్లో, సిలికా జెల్‌తో సీల్ చేయండి. ఎండాకాలంలో ఇబ్బంది జిగురుతోనే. 5 నిమిషాల ఎపాక్సీ మే నెలలో ఫైర్‌వాల్ సరిగ్గా నిలబెట్టేలోపే గట్టిపడుతుంది. మాన్యువల్‌లో 30 నిమిషాలదే రాయండి.

అపోహ: కిట్‌కు టైప్ సర్టిఫికెట్ (డిజైన్‌కు ప్రభుత్వం ఇచ్చే ఆమోదపత్రం) కావాలి.

25 కిలోల లోపు బరువుండి, కంటికి కనిపించే దూరంలో, వినోదానికో చదువుకో ఎగరేసే మోడళ్లకు 2021 డ్రోన్ రూల్స్ ప్రకారం అక్కర్లేదు. అయితే ఆకాశంలో ఏ జోన్ (ఎగరేయొచ్చా, అనుమతి కావాలా చెప్పే ప్రాంతం) ఎక్కడుందో మ్యాప్‌లో చూసుకోవడం తప్పదు. వరంగల్ పక్కనున్న మామునూరు విమానాశ్రయం రన్‌వే వైపు వెళ్లేవాళ్లకు మరీను.