ఒక్క తిత్తిని పట్టుకోలేని రక్తపరీక్ష

పిల్లాడికి ఫిట్స్ వచ్చాయి. మెదడు సీటీ స్కాన్‌లో చిన్న గడ్డ కనబడింది. రక్తంలో సిస్టిసెర్కస్ (మెదడులో తిత్తి కట్టే పంది బద్దెపురుగు పిల్ల) యాంటీబాడీ మాత్రం నెగెటివ్. పురుగు కాకపోతే టీబీయేనా అని ఇంట్లో టెన్షన్. ఈ పరీక్షను ఎంతవరకు నమ్మాలన్న వాదన మళ్లీ మొదలైంది.

పంది బద్దెపురుగు గుడ్లు కడుపులోకి ఎలా చేరతాయో చాలామందికి తెలిసిందే. అందుకే నేరుగా 1989కి వద్దాం. అమెరికా ప్రభుత్వ వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీలో విక్టర్ త్సాంగ్ బృందం ఆ ఏడాది ఈ యాంటీబాడీలను వెతికే బ్లాట్ పరీక్షను ప్రకటించింది. మసూరు పప్పులోని లెక్టిన్ అనే ప్రోటీన్ సాయంతో పురుగు తిత్తుల నుంచి ఏడు గ్లైకోప్రోటీన్లను (చక్కెర అంటుకున్న ప్రోటీన్లు) వేరుచేసి, వాటికి రోగి రక్తంలో యాంటీబాడీలు ఉన్నాయేమో చూస్తారు. 98 శాతం మంది రోగులను అది పట్టుకుంది. తప్పుడు పాజిటివ్ ఒక్కటీ రాలేదు.

1991లో వచ్చిన లెక్క అసలు సంగతి బయటపెట్టింది. మెదడులో రెండు, అంతకుమించి తిత్తులున్నవారిలో 94 శాతం మందికి పాజిటివ్ వస్తే, ఒకటే ఉన్నవారిలో 28 శాతం మందికే వచ్చింది. నా దృష్టిలో ఈ వివాదానికి మూలం ఇదే. ఎందుకంటే మన దేశంలో ఎక్కువగా కనబడేది ఆ ఒంటరి తిత్తే.

చిత్తూరు పక్కనే ఉన్న వెల్లూరు సీఎంసీ ఆసుపత్రి వైద్యులు చాందీ, రాజశేఖర్ 1980ల నుంచే ఈ ఒంటరి గడ్డల మీద పనిచేశారు. టీబీ గడ్డలనుకుని నెలల తరబడి మందులు మింగించిన ఇలాంటి చిన్న గడ్డల్లో చాలావరకు చచ్చిపోతున్న పురుగు తిత్తులేనని బయాప్సీలు (ముక్క తీసి చేసే పరీక్షలు) చూపాయి. ఆ తర్వాత జబ్బును గుర్తించడానికి వారు రూపొందించిన ప్రమాణాల్లో రక్తపరీక్ష లేదు. ఫిట్స్ తీరు, రోగి లక్షణాలు, స్కాన్‌లో 20 మిల్లీమీటర్లు మించని ఒకే గడ్డ, ఇవే ఆధారం.

స్కాన్ దొరకని ఊళ్లో రక్తపరీక్షే దిక్కని దాన్ని సమర్థించేవారు అంటారు. అది నిజమే. కానీ పురుగు ఎక్కువగా ఉన్న ఊళ్లలో జబ్బు లేనివారి రక్తంలోనూ యాంటీబాడీలు ఉంటాయి. పెరూ, కొలంబియాల్లో పాజిటివ్ వచ్చినవారిలో దాదాపు 40 శాతం మంది ఏడాదిలోపే నెగెటివ్ అయ్యారు.

శుద్ధి చేయని యాంటిజెన్‌తో (యాంటీబాడీలు అంటుకునే పురుగు పదార్థం) చేసే ఎలైసా అనే మరో రక్తపరీక్షను వాడొద్దని, నిర్ధారణకు బ్లాట్ చేయాలని, సీటీ, ఎంఆర్ఐ రెండూ చూడాలని 2018లో అమెరికా నిపుణుల మార్గదర్శకాలు చెప్పాయి. అందుకే రిపోర్టు చేతికొస్తే ముందు అడగాల్సింది ఒకటుంది: చేసింది ఎలైసానా, బ్లాటా?