పన్ను చుట్టూ ఎముకని కరిగించేది ఎవరు?

పంటి ఎక్స్‌రేలో వేరు కొసన ఒక నల్లమచ్చ చూపించి డాక్టర్ గారు "ఇక్కడ బోన్ లాస్ ఉందండీ" అంటారు కదా, అది విని మనం ఎముకని కూడా బ్యాక్టీరియానే తినేసిందని ఫిక్సయిపోతాం. నిజానికి ఆ ఎముకని చాలావరకు కరిగించింది మన ఒంట్లో కణాలే.

పుచ్చు లోపలిదాకా దిగి పన్ను మధ్యలో ఉండే నరం, రక్తనాళాలు (దీన్నే పల్ప్ అంటారు) చచ్చిపోయాయనుకోండి, ఇక అవి ఉండే కాలువలోకి రక్తం పోదు, రక్తం పోకపోతే తెల్లకణాలూ పోలేవు, మనం మింగే యాంటీబయాటిక్ కూడా సరిగ్గా అందదు. అందుకే పన్ను సెప్టిక్ అయినప్పుడు మెడికల్ షాపులో టాబ్లెట్లు తెచ్చి వేసుకుంటే వాపు తగ్గినట్టే తగ్గి కొన్నాళ్ళకి మళ్ళీ మొదలవుతుంది, మూలం లోపల అలాగే ఉంది మరి. బ్యాక్టీరియా, వాటి విషాలు వేరు కొసనున్న సన్న రంధ్రంలోంచి బయటికి వస్తుంటే తెల్లకణాలు అక్కడే కాపు కాస్తాయి, వాటిలో న్యూట్రోఫిల్స్ అనే రకం దొరికిన బ్యాక్టీరియాని తిని తామూ చచ్చిపోతాయి (చీములో ఎక్కువభాగం ఇవే), ఆ తర్వాత వచ్చే మాక్రోఫేజ్‌లు, టీ కణాలు అనే ఇంకో రకాల తెల్లకణాలు వదిలే సిగ్నల్స్‌కి ఆస్టియోక్లాస్ట్‌లు అనే కణాలు తయారై ఎముకని కరిగిస్తాయి. ఖాళీ అయిన జాగాలో రక్షణ కణాలు గుంపుగా చేరతాయి. ఎముక పోతే పోయింది, ఇన్ఫెక్షన్ మాత్రం దవడలోకి పాకకూడదు, శరీరం లెక్క అది. రూట్ కెనాల్ చేసి లోపల శుభ్రంచేస్తే చాలామందికి ఆ ఎముక నెలలు గడిచేకొద్దీ మళ్ళీ నిండుతుంది కూడా.

మరి బ్యాక్టీరియా తప్పేం లేదా అంటే, ఎందుకు లేదు? 1965లో కాకెహాషి, స్టాన్లీ, ఫిట్జెరాల్డ్ అనే అమెరికన్ పరిశోధకులు ఎలుకల పళ్ళకి చిల్లుపెట్టి అలాగే వదిలేశారు. మామూలు ఎలుకల్లో లోపలి పల్ప్ చచ్చి చీముగడ్డలొచ్చాయి, సూక్ష్మజీవులే లేకుండా పెంచిన ఎలుకల్లో మాత్రం ఆ చిల్లులోకి తిండి దూరినా పల్ప్ బతికే ఉంది, పైగా అడ్డంగా కొత్త డెంటిన్ (ఎనామిల్ కింద ఉండే గట్టి పొర) కట్టుకుంది!

చిగుళ్ళ దగ్గర కథ వేరు. ఇక్కడ రక్తానికి కొదవలేదు, ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకి కూడా న్యూట్రోఫిల్స్ చిగురుకీ పంటికీ మధ్య సందులోకి వస్తూనే ఉంటాయి. అయినా పాచి, గార పేరుకుంటే పోర్ఫిరోమోనాస్ జింజివాలిస్ అనే బ్యాక్టీరియా లాంటి గడుసుపిండాలు చేరతాయి, ఇది తన ఎంజైమ్‌లతో మన కాంప్లిమెంట్ ప్రోటీన్లని (సూక్ష్మజీవులతో పోరాడే రక్తంలోని ప్రోటీన్లు) కోసేసి తెల్లకణాలు తనని చంపకుండా చేస్తుంది కానీ వాపుని మాత్రం తగ్గనివ్వదు, ఎందుకంటే వాపువల్ల కారే రక్తంలోని ఐరన్, చితికిన కణజాలంలోని ప్రోటీన్లే దాని తిండి. వాపు ఏళ్ళతరబడి సాగితే మళ్ళీ అవే ఆస్టియోక్లాస్ట్‌లు, పళ్ళు కదలడం మొదలు. సిగరెట్ తాగేవాళ్ళకి ఇంకో చిక్కు, వాళ్ళ చిగుళ్ళనుంచి రక్తం తక్కువ వస్తుంది కాబట్టి అంతా బాగుందనుకుంటారు, లోపల ఎముక పోతూనే ఉంటుంది.

అలాగని తెల్లకణాలు రాకపోతే ఎముక మిగులుతుందా అంటే అదీ లేదు. పుట్టుకతో వచ్చే ఒక అరుదైన జబ్బులో న్యూట్రోఫిల్స్ రక్తనాళం దాటి బయటికి రాలేవు, ఆ పిల్లలకి చిన్నవయసులోనే పళ్ళు ఊడిపోతాయి, ఎందుకంటే వాపుకి బ్రేకేసే పని కూడా న్యూట్రోఫిల్స్‌దే, అవి రాకపోతే ఐఎల్-17 అనే వాపు పెంచే సిగ్నల్ అదుపు లేకుండా పెరిగిపోతుంది. 2017లో ఇలాంటి ఒక పేషెంట్‌కి సోరియాసిస్ మందు ఉస్టెకినుమాబ్ ఇచ్చి ఆ సిగ్నల్‌కి దారితీసే మార్గాన్ని ఆపితే చిగుళ్ళ వాపు తగ్గింది.