భూమిలో పాతిన బానలు: జార్జియా మరానీలు ఎందుకు మూతపడ్డాయి, ఎలా తెరుచుకుంటున్నాయి

కాకసస్ పర్వతాల దగ్గరి జార్జియా దేశంలో, కఖేతి ప్రాంతంలోని పాత ఇళ్లకు మరానీ అనే గది ఉంటుంది. ఇంటి వైన్ తయారయ్యేది అందులోనే. లోపలికి వెళితే పీపాల వరుసలేవీ ఉండవు, నేలమీద గుండ్రటి మూతలు కనిపిస్తాయి. ఒక్కో మూత కింద మెడ దాకా పూడ్చిన పెద్ద మట్టి బాన. దాని పేరు క్వెవ్రి. ఏళ్ల తరబడి వాడకుండా వదిలేసిన ఈ బానలను కడిగి, తాతల మరానీలను మళ్లీ తెరుస్తున్నారు అక్కడి యువతీయువకులు.

పద్ధతి చూడ్డానికి చాలా తేలిక. ద్రాక్షను తొక్కి, రసంతోపాటు తొక్కలు, గింజలు, కొన్నిచోట్ల కాడలు కూడా బానలో వేస్తారు. పులిసేటప్పుడు పుట్టే వేడిని చుట్టూ ఉన్న మట్టి లాగేసుకుంటుంది. పొంగు తగ్గాక మూతపెట్టి, గాలి చొరకుండా బిగించి, ఐదారు నెలలు కదపరు. బాన అడుగు కోసుగా ఉంటుంది కనుక గింజలు, మడ్డి అక్కడికి దిగిపోతాయి. తొక్కలతో అంతకాలం నానడం వల్ల తెల్ల ద్రాక్ష వైన్‌కు కూడా తేనె రంగు వస్తుంది.

రాజధాని టిబిలిసికి దక్షిణాన గడచ్రిలి గోరా, షులవేరిస్ గోరా దిబ్బల్లో దొరికిన కుండపెంకుల్లో ద్రాక్ష వైన్ ఆనవాళ్లున్నాయని 2017లో పరిశోధకులు ప్రకటించారు. అవి సుమారు 8,000 ఏళ్లనాటివి. అంత పాత విద్య ఒక్క శతాబ్దంలో అంతరించే దాకా వచ్చింది.

1921లో సోవియట్ రష్యా ఎర్రసైన్యం జార్జియాను ఆక్రమించింది. తర్వాతి సమష్టి వ్యవసాయంలో కుటుంబాల తోటలు ప్రభుత్వపరమయ్యాయి. ఆ నేలకు చెందిన ద్రాక్ష రకాలు 500కు పైగా ఉన్నా, ప్రభుత్వ ఫ్యాక్టరీలకు కావలసింది దిగుబడి. ర్కత్సితెలి, సపెరావి వంటి కొన్ని రకాలకే పెద్దపీట వేశారు, మిగతావి తోటల్లోంచి తప్పుకున్నాయి. అయితే రైతు కుటుంబాలకు ఇంటి పెరడు మాత్రం మిగిలింది. ఆ కాస్త నేలలో తమకిష్టమైన తీగలు పెంచుకుని, ఇంటి అవసరానికి పాత బానలోనే వైన్ చేసుకున్నారు. నా దృష్టిలో ఈ కథకు ఆయువుపట్టు ఇదే. ఫ్యాక్టరీ వదిలేసిన విద్యను అమ్మకం ఊసే లేని పెరటి తోటలు కాపాడాయి.

1985లో సోవియట్ నేత గోర్బచేవ్ మద్యవ్యతిరేక ఉద్యమంతో ఎన్నో తోటలను వేళ్లతో పెకలించారు. 1991లో స్వాతంత్ర్యం వచ్చింది, వెంటే అంతర్యుద్ధం. భూములు చిన్న ముక్కలుగా కుటుంబాల చేతికి తిరిగొచ్చినా, పెట్టుబడి లేదు. కొనేది ప్రధానంగా రష్యా. 2006లో ఆ రష్యాయే జార్జియా వైన్‌ను నిషేధించింది. ఎగుమతులు కుప్పకూలాయి. ఎంత చేసినా అమ్ముడుపోతుందన్న ధీమా పోయి, యూరప్‌లో నిలబడగల నాణ్యత కోసం వెతుకులాట మొదలైంది. అప్పటికే ఇటలీ వైన్ తయారీదారు జోస్కో గ్రావ్నర్ జార్జియా బానలు తెప్పించుకుని తన వైన్‌ను వాటిలో చేస్తున్నారు. ఇంట్లో పాతదని పక్కన పెట్టిన బాన కోసం పైదేశాల వాళ్లు రావడం అక్కడి కుర్రకారును ఆలోచింపజేసింది. 2013లో రష్యా నిషేధం ఎత్తేసింది. అదే ఏడాది యునెస్కో క్వెవ్రి వైన్ పద్ధతిని మానవాళి అమూర్త వారసత్వ జాబితాలో చేర్చింది.

గుర్తింపు వచ్చినంత మాత్రాన మరానీ తెరుచుకోదు. బాన పగిలిందో లేదో పైకి తెలియదు. పెద్ద బానలోకైతే మనిషి దిగి తోమాలి, లోపల తేనెమైనం పూయాలి. కొత్తది చేయించాలన్నా కష్టమే. మట్టిని చుట్టలుగా పేర్చుకుంటూ, కింది వరస ఆరాక పై వరస వేస్తూ వారాల తరబడి కట్టాలి. అది చేయగల కుటుంబాలు కఖేతిలోని వర్దిసుబాని, ఇమెరెతిలోని మకతుబాని వంటి కొద్ది ఊళ్లలోనే మిగిలాయి. అందుకే తాత పాతిపెట్టిన బాన చెక్కుచెదరకుండా దొరికిన ఇంట్లో సగం పని అయిపోయినట్టే.