దయ గురించి అపోహలు – వాస్తవాలు

ఒడిశాలోని పర్లాకిమిడిలో కౌన్సెలర్‌గా పని చేస్తున్నాను. ఇంట్లో తెలుగు, కాగితాల మీద ఒడియా, కొండ దిగి వచ్చేవారి నోట సవర వినిపించే ఈ ఊరిలో, ఏ భాషవారు వచ్చినా నాకు తరచుగా చెప్పుకునే బాధ ఒకటే: "నేను మంచికే చేశానండీ, వాళ్లే తప్పుగా అనుకున్నారు."

అపోహ: మనసు మంచిదైతే చాలు, చేసిన మేలు అవతలివారికి మేలుగానే కనిపిస్తుంది.

వాస్తవం: చేసినవారి లెక్క వేరు, అందుకున్నవారి లెక్క వేరు. అమిత్ కుమార్, నికొలస్ ఎప్లీ అనే పరిశోధకులు చికాగోలోని ఒక స్కేటింగ్ ప్రాంగణంలో, ముక్కూమొహం తెలియనివారికి కప్పు వేడి చాక్లెట్ ఇప్పించినప్పుడు, ఇచ్చినవారు ఊహించినదానికంటే పుచ్చుకున్నవారు ఎక్కువ సంతోషించారు. ఇచ్చినవారు కప్పునే చూశారు, పుచ్చుకున్నవారు అందులోని ఆప్యాయతను కూడా చూశారు. అయితే ఇదే తేడా ఎదురు తిరగడమూ ఉంది. పెళ్లిలో పదిమంది చూస్తుండగా పేద మేనత్త చేతిలో డబ్బు పెట్టిన మేనల్లుడికి తన ప్రేమ తెలుసు, ఆమెకు మాత్రం ఆ పదిమంది చూపులే గుర్తుంటాయి.

అపోహ: దయ చూపితే అలుసైపోతాం.

వాస్తవం: మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అన్న సామెత అబద్ధం కాదు, కానీ అది చెప్పేది కాదనలేనితనం గురించి. నెమ్మదిగా, నొప్పించకుండా కాదనడం కూడా దయలోకే వస్తుంది.

అపోహ: సాయం చేయకుండా పోయినవాడు స్వభావరీత్యా కఠినాత్ముడు.

వాస్తవం: డార్లీ, బాట్సన్ అనే మనస్తత్వ పరిశోధకులు 1973లో ప్రచురించిన ప్రయోగంలో, ప్రిన్స్‌టన్‌లో క్రైస్తవ మతవిద్య చదువుతున్న విద్యార్థులకు దారిలో మూలుగుతున్న మనిషి ఎదురయ్యేలా చేశారు. బాగా తొందరలో ఉన్నవారిలో ఆగినది సుమారు 10 శాతమే, తొందర లేనివారిలో 60 శాతం దాటింది. సంతరోజు ఆసుపత్రి ఓపీ వరుస చూసినవారికి ఇది వింతగా తోచదు. చీటీ రాసే మనిషి కసిరిందంటే, ఆమె వెనుక ఎంతమంది నిలబడి ఉన్నారో కూడా చూడాలి.

అపోహ: దయగలవారు తిరిగి ఏమీ పుచ్చుకోకూడదు.

వాస్తవం: ఇది నేను నా తప్పుతో నేర్చుకున్నాను (ఆనవాళ్లు మార్చి రాస్తున్నాను). మనవడిని వెంటబెట్టుకుని వచ్చే ఒక సవర ముసలమ్మ, మూడోసారి వచ్చినప్పుడు తువ్వాలు ముడి విప్పి రెండు అనాసపళ్లు నా బల్ల మీద పెట్టింది. సంతలో అమ్ముకుంటే ఆ పూట గడుస్తుందని, మర్యాదగానే వెనక్కి ఇచ్చాను. ఆమె ఏమీ అనకుండా మళ్లీ ముడి వేసుకుని లేచింది. తర్వాతి వారం మనవడొక్కడే వచ్చి, "మా పండు మీకు పనికిరాదట కదా" అన్నాడు.

ఆమెకు ఆ పళ్లు ఫీజు కావు, నాతో సమానంగా కూర్చునే హక్కు. ఇప్పుడు ఎవరు పండు తెచ్చినా పుచ్చుకుని, అక్కడే కోసి, తెచ్చినవారికే మొదటి ముక్క ఇస్తున్నాను.