పచ్చని దీపం కొండెక్కిందే: ఈ కాలం ప్రేమ పాటల మీద అపోహలు - వాస్తవాలు

తిరుపతిలో ఉంటూ పాటలు రాస్తుంటాను. సినిమాలకు కాదు. పెళ్ళికి ముందు తలకోనలోనో చంద్రగిరి కోట దగ్గరో తీసే వీడియోలకు, యూట్యూబ్ ఆల్బమ్‌లకు, షార్ట్ ఫిల్ములకు. వచ్చిన కుర్రాళ్ళలో చాలామంది అడిగేది ఒకటే: "ఈ కాలం లవ్ సాంగ్ కావాలన్నా. చాటింగు, ఫోను అంతా రావాల." దాని వెనకే నాలుగైదు నమ్మకాలు కూడా వస్తాయి. అందులో కొన్ని ఒకప్పుడు నావి కూడా.

అపోహ: వెంకన్న పాదాల దగ్గర కూర్చుని ప్రేమ పాటలేంది?

ఈ ప్రశ్న బయటివాళ్ళ కంటే మా చుట్టాలే ఎక్కువ అడుగుతారు. తాళ్ళపాక అన్నమయ్య (1408-1503) సంకీర్తనలను రాగిరేకుల మీద చెక్కించి దాచింది ఈ కొండ మీదే. దొరికిన వాటిలో ఆధ్యాత్మికం కంటే శృంగారమే ఎక్కువ. ఒక పాటలోనైతే నాయిక చిగురు పెదవి మీద అక్కడక్కడా అంటిన కస్తూరిని చూసి, ఇది ఆమె తన స్వామికి రాసిన పత్రిక కాదు కదా అని చెలులు అనుమానపడతారు. పెదవి మీది మరకను కూడా మెసేజిలా చదివిన కవి ఆయన. కాబట్టి చుట్టాల ప్రశ్నకు నేను జవాబు చెప్పడం మానేశాను.

అపోహ: ఫోను, లైకు, ఎమోజీ అనే మాటలు వేస్తే డిజిటల్ కాలం పాట అయిపోతుంది.

నేనూ అలాగే అనుకున్నాను. 2012 ప్రాంతంలో రాసిన నా తొలి పాటల్లో ఒకదాని నిండా టాపప్పు, ఎస్సెమ్మెస్ ప్యాకు, ఇన్‌బాక్సు. అప్పట్లో మెసేజి కూడా లెక్కే. ఇంగ్లీషు అక్షరాల్లో అయితే 160, తెలుగు లిపిలో రాస్తే 70. అందుకే మా తరం ప్రేమంతా ఇంగ్లీషు అక్షరాల తెలుగులో నడిచింది. పండగ రోజు ప్యాకు పనిచేయదు, ప్రతి మెసేజికీ డబ్బు కట్ అవుతుంది. 2011లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ రోజుకు వంద మెసేజిలే అని పరిమితి పెట్టింది, కొద్ది వారాలకే రెండొందలు చేసింది. ప్రేమించినవాళ్ళ గోడు ఎవరైనా వినిపించారేమో మరి!

మొన్న ఆ పాట ఒక ఇంజనీరింగ్ కుర్రాడికి వినిపిస్తే, "టాపప్ అంటే ఏందన్నా?" అన్నాడు. వస్తువు పోయింది, దాంతో పాటే పాటా పోయింది. ఒక్క లైను మాత్రం వాడికి పట్టింది.

ఒక్క రింగుకే ఊపిరి అందెను

అమ్మాయి బస్సు మదనపల్లె చేరగానే ఒక రింగు ఇచ్చి కట్ చేస్తుంది. చేరినాను అని అర్థం. రూపాయి ఖర్చు లేదు. మిస్డ్ కాల్ అనే మాట ఆ లైనులో లేదు. రింగు కోసం కూర్చున్నవాడి ఊపిరి ఉంది. ఇప్పుడు ఎవరైనా యాప్ పేరు పాటలో పెట్టమంటే, ఆ యాప్ మీ చేత అర్ధరాత్రి ఏం చేయిస్తుందో చెప్పమంటాను. అదే రాస్తాను.

అపోహ: ఇంగ్లీషు మాట పడితే పాట చెడిపోతుంది.

సగం నిజం. చెడగొట్టేది ఇంగ్లీషు కాదు, పొల్లు అక్షరం. తెలుగు మాట ఎక్కువగా అచ్చుతో ముగుస్తుంది కాబట్టి గాయకుడు ఆఖరి అక్షరం మీద ఎంతసేపైనా నిలబడతాడు. ‘వాట్సాప్’ అనగానే పెదవులు మూసుకుంటాయి, రాగం అక్కడే ఆగిపోతుంది. దాన్ని పల్లవి చివర పెట్టి గాయకుడి తిట్లు తిన్నాను. ‘ఫోను’ అలా కాదు. ఒక గురువు, ఒక లఘువు, అంటే ఒక పొడుగు అక్షరం, ఒక పొట్టి అక్షరం. ‘ప్రేమ’ కొలత కూడా అంతే, ఛందస్సులో రెండూ హగణమే. ప్రేమ పట్టే చోటల్లా ఫోను పడుతుంది! ‘మెసేజ్’ను జనమే ‘మెసేజి’ చేసి మన పని తేలిక చేశారు. కాగితం, కలం అనేవి కూడా అరబ్బీ, పారశీకాల దారిన వచ్చినవే. వాటి మీద ఎవరికీ అభ్యంతరం లేదు. మా కార్వేటినగరం పదకర్త సారంగపాణి వేణుగోపాల ముద్రతో శృంగార పదాలు రాసినప్పుడు వాడుకలో ఉన్న మాటలకు తలుపు తీసే పెట్టాడు.

అయితే మాట కుదిరినంత మాత్రాన వాడాలని లేదు. బెంగళూరులో ఉద్యోగం చేసే పుత్తూరు కుర్రాడు ఒకడు వచ్చాడు. తాను రాసుకొచ్చిన పల్లవిలో ‘టైపింగ్’ మూడుసార్లు ఉంది. ఏం జరుగుతుందో చెప్పమన్నాను. "రాత్రిళ్ళు టైపింగ్ అని పడతాదన్నా. నేను కాసుకోనుంటా. మళ్ళా ఆగిపోతాది. ఏమీ రాదు" అన్నాడు. పాట మొత్తం ఆ నాలుగు ముక్కల్లోనే ఉంది. ట్యూను ఎనిమిది మాత్రల నడక (లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు), తకధిమి రెండుసార్లు. మొదటి లైను వెంటనే వచ్చింది.

ఏదో రాస్తూ ఆగేవెందుకు

ఎనిమిది, ఎనిమిది. రెండో లైను ఏడిపించింది. ‘రాయని మాటే నిద్దర తింటాది’ అని మా యాసలో రాస్తే ఒక మాత్ర పొర్లిపోయింది. ‘తినెనే’ అంటే కొలత సరిపోయింది కానీ పద్యం వాసన. కుర్రాడు మొహం చిట్లించాడు. టీ తాగొచ్చి ప్రశ్నగా మార్చాను.

రాయని మాటే నిద్దర తినదా

చివరికి ‘టైపింగ్’ పాటలోకి రాలేదు. విన్నవాళ్ళందరికీ అదే కనిపించింది.

అపోహ: వీడియో కాల్ ఉన్న కాలంలో విరహం ఎక్కడిది?

అన్నమాచార్య కళామందిరంలో కచేరి అయ్యాక ఒక పెద్దాయన నాతో అన్న మాట ఇది. ఆయన మీద గౌరవం కొద్దీ అప్పుడు తల ఊపాను. ఇప్పుడు చెప్తాను.

ఉత్తరాల కాలంలో అది చేరిందో లేదో తెలిసేది కాదు. జవాబు రాకపోతే పోస్ట్‌మ్యాన్‌ను తిట్టుకోవచ్చు, వానను తిట్టుకోవచ్చు. 2014 నవంబరులో వాట్సాప్‌లో నీలం టిక్కులు వచ్చాక ఆ సాకు పోయింది. చేరింది, చదివింది, చదివీ పలకలేదు. నీలం పడకుండా సెట్టింగ్ మార్చుకునే వీలు తర్వాత వచ్చింది. దాంతో ‘నా దగ్గర దాచుతాండావా?’ అనే కొత్త తగాదా కూడా వచ్చింది. తమాషా ఏమిటంటే, ‘ఉత్తరం’ అంటే సంస్కృతంలో జవాబు. ‘జాబు’ కూడా ‘జవాబు’ నుంచే వచ్చింది. లేఖకు మనవాళ్ళు పెట్టుకున్న రెండు పేర్లలోనూ బదులు వస్తుందనే ఆశ ఉంది. ‘మెసేజి’లో ఆ హామీ లేదు.

ప్రేమలో ఉన్న స్థితిని బట్టి పాతవాళ్ళు చెప్పిన ఎనిమిది రకాల నాయికలను, అదే అష్టవిధ నాయికలను, నా నోట్‌బుక్‌లో ఈ కాలానికి దించి రాసుకున్నాను. విప్రలబ్ధ అంటే చెప్పిన చోటికి ప్రియుడు రాక మోసపోయిన మనిషి. ఇప్పుడు రెండు నీలం గీతల ముందు కూర్చుని ఉంది. ఖండిత ఒకప్పుడు తెల్లారి వచ్చినవాడి ఒంటి మీద గోటి గుర్తులు చూసి నిలదీసేది. ఇప్పుడు ఆమెకు ‘లాస్ట్ సీన్’ చాలు. "పదకొండుకే నిద్దరొస్తాందని పెట్టేసినావే, మరి రెండు నలభై ఏంది?" అంటుంది. పోట్లాడి పంపేసి తర్వాత బాధపడే కలహాంతరిత బ్లాక్ చేసి ఏడుస్తుంది, అన్‌బ్లాక్ చేసీ ఏడుస్తుంది. ప్రియుణ్ణి కలవడానికి చాటుగా బయల్దేరే అభిసారిక ఒక్కతే నష్టపోయింది. లైవ్ లొకేషన్ ఇంట్లోవాళ్ళ చేతిలో ఉంటే చీకట్లో నడిచి ఏం లాభం?

భర్త దూరదేశంలో ఉన్న ప్రోషితభర్తృకకు మాత్రం నా పట్టిక సరిపోలేదు. పీలేరు వైపు నుంచి ఒకామె వచ్చింది. భర్త కువైట్‌లో డ్రైవరు. ఆయన పుట్టినరోజుకు పాట కావాలంది. అక్కడి గడియారం మనకన్నా రెండున్నర గంటలు వెనక. ఆమె పిల్లల్ని పడుకోబెట్టే తొమ్మిదిన్నరకు ఆయనకు ఏడు, ఇంకా డ్యూటీలోనే ఉంటాడు. నేను చందమామను మధ్యవర్తిగా పెట్టి ఒక చరణం రాశాను. విని, "బాగుండాదన్నా. కానీ ఆయన మొగం నిలిచిపోయేది రాయలేదే" అంది. నెట్ తగ్గి వీడియో ఆగిపోతుంది కదా, ఒక కన్ను సగం మూసుకుని, నోరు సగం తెరుచుకుని. మనమైతే విసుక్కుంటాం. ఆమె అప్పుడే స్క్రీన్‌షాట్ తీసుకుంటుందట. "కదలకుండా చూడనిచ్చేది అప్పుడే గదన్నా" అంది. చందమామను కొట్టేశాను.

మన ఊరికే సొంతమైన విరహం ఇంకొకటుంది. శ్రీవారి గుడిలోకి ఫోను తీసుకుపోనివ్వరు. స్విచాఫ్ చేసి కౌంటర్లో ఇచ్చి క్యూలోకి పోవాలి. సర్వదర్శనం రద్దీలో కంపార్ట్‌మెంట్లో ఎన్ని గంటలు పడుతుందో చెప్పలేం. అమ్మాయిని ఇంట్లోవాళ్ళు అనుకోకుండా దర్శనానికి బయల్దేరదీశారు, అబ్బాయికి చెప్పే వీలు దొరకలేదు. ఇక్కడ అబ్బాయి పెట్టిన ప్రతి మెసేజికీ ఒకటే టిక్కు. బ్లాక్ చేసినా ఒకటే టిక్కు పడుతుంది, అదీ వాడి టెన్షన్. ఇన్‌స్టాలో ఆమె పేరు పక్కన ఉండే పచ్చ చుక్క కూడా ఆరిపోయింది.

ఈ సందర్భం చెప్పినవాడు ‘ఆఫ్‌లైన్’ అనే మాట పెట్టమన్నాడు. నాకు మా నాయనమ్మ గుర్తొచ్చింది. దీపం ఆరిపోయింది అని ఆమె ఎప్పుడూ అనేది కాదు, అశుభమని. కొండెక్కింది అనేది.

పచ్చని దీపం కొండెక్కిందే
గోవిందా అని నేనుండాలా

అమ్మాయి నిజంగానే కొండెక్కింది, దీపమూ కొండెక్కింది. గోవిందా అంటే దండం పెట్టడమూ అవుతుంది, అంతా పోయిందనడమూ అవుతుంది. మన వీధిలో రెండూ అంటాం. ఈ రెండు లైన్లకు నేను పడిన కష్టం ఏమీ లేదు. అంతా నాయనమ్మదే.

అపోహ: రీల్‌కి పదిహేను సెకన్ల హుక్కు దొరికితే చాలు, చరణాలు ఎవరు వింటారు?

2020 జూన్‌లో టిక్‌టాక్ ఆగి, జూలైలో రీల్స్ వచ్చినప్పటి నుంచీ ఇదే మాట. పల్లవి గట్టిగా ఉండాలి, ఒప్పుకుంటాను. పెళ్ళి వీడియో మాత్రం నాలుగు నిమిషాలు నడవాలి. అందులో చరణం లేకపోతే డ్రోన్ ఎంత ఎగిరినా బోరు కొడుతుంది.

అపోహ: ఏఐని అడిగితే నిమిషంలో రాసిచ్చేస్తుంది.

ఇస్తుంది. నేనూ అడిగి చూశాను. కళ్ళు నక్షత్రాలయ్యాయి, గుండె డప్పు కొట్టింది, ఆకాశం దిగొచ్చింది, మాత్రలు మాత్రం ట్యూనుకు అటూ ఇటూ పోయాయి. అంత్యప్రాసలకు నాలుగు మాటలు వెతుక్కోవడానికి వాడుకుంటాను, అందులో నామోషీ ఏమీ లేదు. కువైట్ ఆమె స్క్రీన్‌షాట్ సంగతి మాత్రం ఆమె చెప్తేనే తెలుస్తుంది.

అపోహ: డబ్బు తీసుకుని పాట ఇచ్చేశాక రచయితకు ఏ హక్కూ మిగలదు.

కొత్తగా రాసేవాళ్ళు ఇది గట్టిగా పట్టుకోండి. 2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించారు. సినిమా పాటైనా (హాల్లో సినిమాతో పాటు వినిపించేది తప్ప) ప్రైవేటు రికార్డింగైనా, హక్కులు రాసిచ్చాక కూడా రాయల్టీలో సాహిత్యం రాసినవాడి వాటా పోదు. వారసులకో కాపీరైట్ సొసైటీకో తప్ప దాన్ని ఇంకొకరికి రాసివ్వడం కుదరదు. హక్కుల బదిలీ నోటిమాటతో చెల్లదు, రాతపూర్వకంగా ఉండాలి. కాలం ఎంతో రాయకపోతే అయిదేళ్ళు, ఎక్కడి వరకో రాయకపోతే భారతదేశం వరకే అని అర్థం. రచయిత బతికున్నంత కాలం, ఆ తర్వాత 60 ఏళ్ళు కాపీరైట్ ఉంటుంది.

ఇంత తెలిసీ నేను కాగితం రాసుకోకుండా పని చేసిన సందర్భాలు ఉన్నాయి. తెలిసినవాళ్ళ ఇంటి పెళ్ళి, ఎలా అడుగుతాం? పోయిన నెల అలాంటి పాట ఒకటి ఇచ్చాను. అడ్వాన్సు వచ్చింది. మిగతాది ఎప్పుడు పంపుతారని మెసేజి పెట్టాను. ‘టైపింగ్’ అని పడింది, ఆగిపోయింది. నీలం టిక్కులు పడి ఇవాల్టికి పదకొండు రోజులు.